ఎనిమిది సెంట్ల నీడబొమ్మలు
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం హాలులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇక్కడ చేరి డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు కార్యదర్శి గారు నాకన్నా బాగా చెబుతారు. నన్ను మాత్రం "ఏదైనా వేరే విషయం చెప్పండి, అరగంట దాటకూడదు" అని ఆదేశించారు. అందుకని రెండువందల ఏళ్ళ నాటి అమెరికా సంగతి ఒకటి తీసుకొచ్చాను. పిల్లల దగ్గరికని అమెరికా వెళ్ళి వచ్చిన వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఫిలడెల్ఫియా చూసినవాళ్ళు అక్కడి పగిలిన గంటను, ఇండిపెండెన్స్ హాలును చూసే ఉంటారు. నేను చెప్పబోయే దానిలో ముఖ్యమైన భాగం ఆ హాలు పై అంతస్తులో జరిగింది.

విషయం చిన్నదే. ఒక మనిషిని పక్కకు తిప్పి కూర్చోబెడతారు. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం, మెడ, ఇంతవరకు అంచు గీత ఒక్కటే పట్టుకొని కాగితం కత్తిరిస్తారు. అందులో కన్ను ఉండదు, రంగు ఉండదు, నవ్వు ఉండదు. ఉన్నదంతా నలుపే. అయినా ఇంట్లో వాళ్ళు చూడగానే "ఇది మా నాన్నే" అంటారు. దీన్ని సిలువెట్ అంటారు. మొదటి రోజుల్లో అమెరికా వాళ్ళు ప్రొఫైల్ అనీ, షేడ్ అనీ పిలిచేవారు. షేడ్ అంటే నీడ. మన తోలుబొమ్మలకు రంగులుంటాయి, తెర మీద ఆడతాయి. ఈ నీడబొమ్మ కదలదు, గోడకు వేలాడుతుంది.

పెన్షన్ల జోలికి వెళ్ళిన మంత్రి

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. మన సభకు అది తగిన కథ. ఎతియెన్ ద సిలువెట్ అనే ఆయన 1759 మార్చిలో ఫ్రాన్సు దేశానికి ఆర్థిక మంత్రి అయ్యారు. అప్పుడు ఇంగ్లండుతో యుద్ధం నడుస్తోంది, ఖజానా ఖాళీ. ఆయన రాజకుటుంబం ఖర్చులు తగ్గించబోయారు, ధనవంతుల మీద పన్నులు వేయబోయారు, ప్రభుత్వం ఇచ్చే పెన్షన్లను కూడా సవరించబోయారు. తొమ్మిది నెలలు తిరగకుండానే పదవి పోయింది. పెన్షన్ల జోలికి వెళ్తే ఏమవుతుందో ఆర్థిక శాఖల వాళ్ళు తెలుసుకోవడానికి ఇదొక మంచి ఉదాహరణ!

పదవి పోయినా పేరు మిగిలింది. ఫ్రాన్సులో చవకబారు సరుకు దేనినైనా "సిలువెట్ రకం" అనడం మొదలుపెట్టారు. తైలవర్ణ చిత్రం వేయించుకోలేని వాళ్ళు చేయించుకునే చవక నీడబొమ్మకు ఆ పేరు అతుక్కుపోయింది. అంటే పొదుపు మంత్రిని ఎగతాళి చేయడానికి పుట్టిన మాట, ఇవాళ ఒక కళకు గౌరవనీయమైన పేరుగా నిలిచింది.

వంద డాలర్లు ఒక పక్క, ఎనిమిది సెంట్లు ఒక పక్క

1800 ప్రాంతంలో అమెరికాలో మంచి చిత్రకారుడి చేత బొమ్మ వేయించుకోవడం సామాన్యుడి పని కాదు. జార్జి వాషింగ్టన్ చిత్రాలతో పేరుపొందిన గిల్బర్ట్ స్టువర్ట్ ఛాతీ వరకు ఉండే చిత్రానికి 100 డాలర్లు పుచ్చుకునేవారు. పైగా ఆయన ముందు ఎన్నోసార్లు కూర్చోవాలి. కెమెరా ఇంకా పుట్టలేదు. అందువల్ల సామాన్యుడి ముఖం సామాన్యుడితోనే పోయేది. తాత ఎలా ఉండేవాడో మనవడికి తెలిసే దారి లేదు.

అలాంటి సమయంలో ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్సన్ పీల్ అనే చిత్రకారుడు ఒక మ్యూజియం నడుపుతున్నారు. పక్షులు, జంతువులు, తవ్వి తీసిన మాస్టడాన్ ఎముకల గూడు, దేశనాయకుల చిత్రాలు అందులో ఉండేవి. 1802లో ఆ మ్యూజియంలో ఎక్కువ భాగం స్టేట్ హౌస్ పై అంతస్తుకు మారింది. ఆ స్టేట్ హౌసే మనం ఇప్పుడు ఇండిపెండెన్స్ హాలు అంటున్నది. టిక్కెట్టు 25 సెంట్లు. ఆ ఏడాది చివరలో మ్యూజియంలోకి కొత్త యంత్రం ఒకటి వచ్చింది. జాన్ ఐజాక్ హాకిన్స్ అనే ఇంగ్లండు నుంచి వచ్చిన ఆవిష్కర్త దాన్ని తయారుచేశారు. పేరు నోరు తిరగనిది, ఫిజియోనోట్రేస్. పీల్ దాని బొమ్మ గీసి, వివరంగా రాసి, 1803 జనవరిలో ప్రెసిడెంటు జెఫర్సన్‌కు పంపారు.

యంత్రం పనిచేసే పద్ధతి ఇది. మనిషి దాని పక్కన కదలకుండా కూర్చోవాలి. ఒక చిన్న కడ్డీని నుదుటి నుంచి గడ్డం కిందివరకు ముఖం అంచుకు ఆనించి నడపాలి. ఆ కడ్డీకి కీళ్ళున్న చట్రం ఒకటి బిగించి ఉంటుంది. మన డ్రాయింగ్ సెక్షన్ మిత్రులు పాంటోగ్రాఫ్ వాడే ఉంటారు, అదే సూత్రం. కింద కడ్డీ ఎటు కదిలితే పైన కాగితం మీద చిన్న సైజులో అదే గీత పడుతుంది. కాగితాన్ని ముందే నాలుగు పొరలుగా మడిచి పెడతారు. గీత వెంట కత్తెర నడిపితే ఒకేసారి నాలుగు ప్రతులు వస్తాయి. ఒకటి మనం ఉంచుకొని మూడు చుట్టాలకు పంచిపెట్టవచ్చు.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. తెల్ల కాగితంలో నుంచి తలను కత్తిరించి తీసేస్తారు. కాగితంలో తల ఆకారంలో ఖాళీ మిగులుతుంది. దాని వెనక నల్ల కాగితమో నల్ల గుడ్డో పెడితే ఆ ఖాళీలో నల్లని ముఖం కనిపిస్తుంది. అంటే బొమ్మ అన్నది కాగితంలో లేని భాగమే. బయటికి తీసిన తల ముక్కలను 'బ్లాక్‌హెడ్స్' అనేవారు. ఇంగ్లీషులో ఆ మాటకు మొద్దుబుర్ర అని కూడా అర్థం కదా, పాపం ఎంతమంది పెద్దమనుషులు మొద్దుబుర్రలై పోగుపడ్డారో!

దీనికి కూలి ఎనిమిది సెంట్లు. స్టువర్ట్ గారి ఒక్క చిత్రం ఖరీదుతో 1,250 మంది నీడబొమ్మలు చేయించుకోవచ్చు. జనం ఎగబడ్డారంటే ఆశ్చర్యం లేదు. మొదటి సంవత్సరంలోనే 8,880 ప్రొఫైళ్ళు కత్తిరించినట్లు పీల్ లెక్క రాసుకున్నారు. సెలవు లేకుండా చేసినా రోజుకు సగటున 24 అన్నమాట.

కత్తెర పట్టిన చేయి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యంత్రం గీత గీస్తుంది, నిజమే. కానీ ఆ గీత వెంట, కనురెప్ప దగ్గర, పెదవి మడత దగ్గర కత్తెరను తిప్పింది ఎవరు?

ఆయన పేరు మోజెస్ విలియమ్స్. 1777 ప్రాంతంలో బానిస దంపతులకు పుట్టారు. తల్లిదండ్రులు పీల్ ఇంట్లోనే బానిసలు. 1780లో పెన్సిల్వేనియా రాష్ట్రం బానిసత్వాన్ని మెల్లమెల్లగా రద్దుచేసే చట్టం చేసింది. 1786లో పీల్ ఆ దంపతులకు విముక్తి ఇచ్చారు. కొడుకు మాత్రం 28 ఏళ్ళు నిండేదాకా ఆ ఇంట్లోనే ఊడిగం చేయాలి. అమ్మానాన్నలు స్వతంత్రులు, పిల్లవాడు బానిస. ఇది చట్ట ప్రకారమే జరిగింది.

పీల్ తన కొడుకులకు మహా చిత్రకారుల పేర్లు పెట్టుకున్నారు. రాఫెల్, రెంబ్రాంట్, టిషియన్, రూబెన్స్ అని. వాళ్ళకు రంగులు, కుంచెలు, తైలవర్ణాలు నేర్పించారు. అదే ఇంట్లో పెరిగిన మోజెస్‌కు నేర్పింది చచ్చిన జంతువుల చర్మాలలో కూరి నిలబెట్టే పని, మ్యూజియం చాకిరీ. 1801లో ఆ ఎముకల గూడు ప్రదర్శనకు ప్రచారం చేయడానికి ఆయనకు ఈకల తలపాగా పెట్టి, గుర్రమెక్కించి, వీధుల్లో కాగితాలు పంచిపెట్టించారు. చివరకు ఈ యంత్రం వచ్చినప్పుడు చేతికి కత్తెర ఇచ్చారు. కొడుకులకు రంగులు, ఆయనకు నలుపు.

ఆ కత్తెరే ఆయన జీవితాన్ని మార్చింది. రావలసిన గడువుకు ఏడాది ముందే, సుమారుగా ఆ యంత్రం వచ్చిన రోజుల్లోనే, ఆయనకు స్వేచ్ఛ లభించింది. మ్యూజియంలోనే ఉండి, బొమ్మకు ఎనిమిది సెంట్ల చొప్పున పనిచేశారు. మనలో అకౌంట్స్ వాళ్ళు ఈపాటికి లెక్క కట్టే ఉంటారు: 8,880ని ఎనిమిదితో గుణిస్తే 710 డాలర్ల 40 సెంట్లు. ఆ సంపాదనతో ఆయన రెండంతస్తుల ఇల్లు కొనుక్కున్నారు. పీల్ ఇంట్లో మరియా అనే తెల్లజాతి వంటమనిషి ఉండేది. మోజెస్ బానిసగా ఉన్న రోజుల్లో ఆయనతో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోనన్న మనిషి. ఆమే తరవాత ఆయన్ను పెళ్ళి చేసుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ భవనాన్ని గుర్తుచేసుకోండి. 1776లో మనుషులందరూ సమానులే అని ప్రకటించి సంతకాలు చేసింది ఆ భవనం కింది అంతస్తులో. పాతికేళ్ళు దాటాక అదే భవనం పై అంతస్తులో, మొన్నటిదాకా బానిసగా ఉన్న మనిషి ముందు ఊరి పెద్దలు వరుసకట్టి కూర్చుంటున్నారు. ఆయన వాళ్ళ ముఖాలను కత్తిరిస్తున్నారు. కాగితం మీద అందరిదీ ఒకే నలుపు. ఎవరి చర్మం రంగు ఏమిటో ఆ బొమ్మలో తెలియదు. ప్రకటనలో రాసుకున్న సమానత్వం ఎనిమిది సెంట్ల కాగితం మీద మాత్రం కనిపించింది.

ముద్ర ఒకరిది, పని ఒకరిది

అయితే ఆ బొమ్మల అడుగున ఏమి ఉంటుందో తెలుసా? 'మ్యూజియం' అన్న ముద్ర. కాగితం మీద ఉబ్బెత్తుగా నొక్కిన ముద్ర. కత్తిరించినవాడి సంతకం ఉండదు. అందువల్ల చాలాకాలం అవన్నీ పీల్ గారివనీ, వారి అబ్బాయిలవనీ చలామణీ అయ్యాయి. మనం ఆఫీసులో రాత్రింబగళ్ళు కూర్చొని తయారుచేసిన నోటు ఆఫీసరు సంతకంతో వెళ్ళేది కదా, ఆ సంగతి మీకు నేను వివరించనవసరం లేదు.

ఫిలడెల్ఫియాలోని లైబ్రరీ కంపెనీలో ఒక నీడబొమ్మ ఉంది. కింద మోజెస్ విలియమ్స్, ప్రొఫైళ్ళు కత్తిరించేవాడు అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది కూడా పీల్ పెద్ద కొడుకు పనే అనుకున్నారు. గ్వెండలిన్ డుబోయిస్ షా అనే కళాచరిత్రకారిణి 2005లో దాన్ని పరిశీలించి, అది మోజెస్ తన బొమ్మ తానే కత్తిరించుకున్నది కావచ్చునని వాదించారు. జుట్టు దగ్గర యంత్రం గీసిన గీత ఒక దారిన ఉంటే, కత్తెర మరో దారిన పోయిందని ఆమె చూపించారు. తాను ఎలా కనిపించాలో తానే నిర్ణయించుకున్న మనిషి చేయి అది అని ఆమె ఉద్దేశం. అడుగున ఆ ఒక్క పంక్తి ఎవరో రాయబట్టి గదా, ఇవాళ మనం ఆయన పేరు చెప్పుకుంటున్నాం!

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే మనిషి మార్తా ఆన్ హనీవెల్. 1786లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. పుట్టుకతో రెండు చేతులూ లేవు, ఒక పాదానికి మూడు వేళ్ళే. ఆమె నోటితో, కాలివేళ్ళతో కత్తెర పట్టి నీడబొమ్మలు కత్తిరిస్తూ ఊరూరా తిరిగి సొంతంగా బతికారు. తన పని మీద తన పేరు రాసి, చేతులు లేకుండా కత్తిరించినదని కూడా రాసేవారు. పేరు వదులుకోలేదు.

మరొక బొమ్మ కనెక్టికట్ రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో భద్రంగా ఉంది. ఫ్లోరా అనే బానిస యువతి ముఖం. దాంతోపాటు ఒక క్రయపత్రం ఉంది. 1796లో, 19 ఏళ్ళ ఆమెను మార్గరెట్ డ్వైట్ అనే ఆమె ఏసా బెంజమిన్ అనే ఆయనకు 25 పౌండ్లకు అమ్మినట్లు ఆ కాగితం చెబుతుంది. ముఖానికి పేరు దొరికింది సరే, ఆ పేరు నిలిచింది అమ్మకం దస్తావేజు వల్ల. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసిన మిత్రులు ఈ మాట ఒకసారి ఆలోచించాలి. కాగితం కాపాడుతుంది, కానీ ఏ కాగితమన్నది కూడా ముఖ్యమే.

రాసిపెట్టుకున్న ఇద్దరు

పేర్లు రాసిపెట్టుకున్న వాళ్ళ వల్ల ఎంత మేలు జరిగిందో రెండు ఉదాహరణలు చెప్పి ముగిస్తాను.

విలియం బేచ్ అనే ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి, 1803లో తనవాళ్ళతో కలిసి ఇలాంటి యంత్రానికే పేటెంటు తీసుకొని, అమెరికా అంతా తిరిగారు. న్యూ ఆర్లీన్స్ దాకా, అక్కడినుంచి క్యూబా దాకా వెళ్ళారు. నాలుగు ప్రతులు 25 సెంట్లు. 1,800కు పైగా ముఖాలను ఒక పుస్తకంలో అంటించి, నంబర్లు వేసి, పేర్లు రాసుకున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. పరీక్ష చేస్తే కాగితాల్లో ఆర్సెనిక్ విషం ఉన్నట్లు తేలింది. అందువల్ల చేత్తో తిరగేయడం ప్రమాదం. ప్రతి పేజీకీ ఫొటో తీసి ఇంటర్నెట్టులో పెట్టారు. బేచ్ రాసిన పేర్లను పట్టుకొని పరిశోధకులు వందలాది మంది ఎవరో ఏమిటో తేల్చగలిగారు.

రెండో ఆయన ఆగస్ట్ ఎడ్వార్. ఫ్రాన్సు దేశస్థుడు. 1839లో అమెరికా వచ్చి పదేళ్ళు ఉన్నారు. ఈయనకు యంత్రమంటే గిట్టదు. మనిషిని చూస్తూ నిలువెత్తు బొమ్మను నేరుగా కత్తెరతోనే తీసేవారు. సిలువెట్ అన్న మాటను ఇంగ్లీషులో ప్రచారం చేసింది కూడా ఈయనే. నల్ల కాగితాన్ని రెండుగా మడిచి కత్తిరించి, ఒకటి ఇచ్చి, రెండోది తన ఆల్బమ్‌లో అంటించి, పేరు, ఊరు, తేదీ రాసేవారు. ఆఫీసు కాపీ అన్నమాట! 1849 డిసెంబరులో తిరుగు ప్రయాణంలో ఓడ గెర్న్‌సీ ద్వీపం దగ్గర దెబ్బతింది. ఆల్బమ్‌లు చాలా భాగం సముద్రం పాలయ్యాయి. దక్కినవాటిని, తనకు ఆశ్రయమిచ్చిన ఆ దీవిలోని కుటుంబానికి ఇచ్చేశారు. అరవై ఏళ్ళు దాటాక, 1911లో అవి ఇంగ్లండులో నెవిల్ జాక్సన్ అనే రచయిత్రి చేతికి చేరాయి. ప్రతి బొమ్మ పక్కనా పేరు ఉంది కాబట్టి అమెరికాలో మునిమనవళ్ళకు తమ ముత్తాతల రూపం తెలిసింది.

ఎడ్వార్ అమెరికాలో దిగిన 1839లోనే పారిస్‌లో డగేరోటైపు ఫొటోను లోకానికి ప్రకటించారు. కొన్నేళ్ళలో ఊరూరా ఫొటో స్టూడియోలు వెలిశాయి. నీడబొమ్మల కాలం ముగిసింది. కెమెరా కన్నునూ చూపింది, నవ్వునూ చూపింది. కానీ కెమెరా కూడా పేరు రాయదు. అది మనిషి చేయవలసిన పనే.

మిత్రులారా, మన అందరి ఇళ్ళలోనూ పదవీ విరమణ సభల గ్రూపు ఫొటోలు ఉన్నాయి. కుర్చీల వరుసలో ఆఫీసర్లు, వెనక గుమాస్తాలు, చివరి వరుసలో అటెండర్లు, డ్రైవర్లు, వాచ్‌మన్, ఓ మూలన ఎన్.ఎం.ఆర్. మీద పనిచేసిన మనిషి. కుర్చీల వరుస పేర్లు అట్ట మీద అచ్చులో ఉంటాయి. చివరి వరుస పేర్లు మన జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. మన జ్ఞాపకం వయస్సు ఎంతో మనకు తెలుసు. ఆ వరుసలోని మనిషిని చూసి ఆయన మనవరాలు "మా తాతే" అనాలంటే, ఆయన పేరు తెలిసిన మనం ఇప్పుడే రాయాలి.

కాబట్టి కార్యవర్గానికి నా మనవి ఒకటే. ప్రతి నెల సమావేశానికి సభ్యులు ఒక్కొక్క గ్రూపు ఫొటో తెచ్చుకోవాలి. నలుగురు కూర్చొని ఎడమ నుంచి కుడికి, వరుసల వారీగా, అందరి పేర్లూ, హోదా, ఊరు, సంవత్సరం రాసుకోవాలి. ఫొటో వెనక బాల్‌పెన్ను వాడకండి, ఒత్తిడికి ముందువైపు అచ్చు పడుతుంది. మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి. నున్నటి కాగితమైతే పెన్సిలు పట్టదు. విడి కాగితం మీద రాసి ఫొటోతోపాటు కవరులో పెట్టండి. సెలోటేపు అంటించకండి, పసుపెక్కి మరకలు పడతాయి. సెల్‌ఫోనులో ఫొటో తీసి పిల్లలకు పంపితే పేర్లు కూడా దాని కిందే టైపు చేయమనండి. పేరు తెలియని మనిషి ఉంటే ఆ చోటు ఖాళీగా వదిలి, మరొకరికి చూపించండి. ఎవరికో ఒకరికి గుర్తుంటుంది.

ముందుగా చివరి వరుసతో మొదలుపెట్టండి.

 కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. సెలవు.